కారు తలుపు, పేటెంటు తగాదా

2023 జూలైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత కాకపోయినా, ఏ వానకైనా కారు అద్దం సందులోంచి నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. అవి సీటు వైపు రాకుండా ఆపేది తలుపు లోపల అతికించిన పలుచని పాలిమర్ షీటు. ఆ నీళ్లు తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతాయి.

ఇలాంటి షీటుకూ పేటెంటు తీసుకోవచ్చు. అయితే అది కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవారికి ఇట్టే తట్టనిదై ఉండాలి, తయారీకి పనికిరావాలి. అప్పుడు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు దొరుకుతుంది. కోర్టుకెక్కినప్పుడు "ఇది పాతదే" అని ఎదుటివారు నిరూపిస్తే ఆ పేటెంటు రద్దవుతుంది.

మన దేశంలో వాహనాల పేటెంట్ల మీద బాగా పేరుపడ్డ తగాదా బైకుల కంపెనీలు బజాజ్, టీవీఎస్‌లది. చిన్న ఇంజిన్‌లో రెండు స్పార్క్ ప్లగ్గుల పద్ధతి తమదని బజాజ్ వాదించింది. 2008లో మద్రాసు హైకోర్టు రెండు ప్లగ్గుల టీవీఎస్ ఫ్లేమ్ బైకు అమ్మకాన్ని ఆపింది. 2009లో అదే కోర్టు డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. లెక్కలు సరిగ్గా రాసిపెడుతూ అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి 2019లో రాజీ కుదిరింది.

వర్క్‌షాపుల్లో కొత్త ఉపాయం కనిపెట్టిన తమ్ముళ్లూ, దాన్ని నలుగురికీ చూపించే ముందే దరఖాస్తు పెట్టండి. ముందే బయటపడితే కొత్తదనం పోయినట్టే.