ఆశ్రయపురపు గుమ్మము

యెహోషువ గ్రంథం 20వ అధ్యాయం తెరచి దగ్గర ఉంచుకొనండి. ఆశ్రయపురానికి పారిపోయి వచ్చినవాడు మొదట ఎక్కడ నిలబడాలి? పట్టణ ద్వారం దగ్గర. పెద్దలు వాని సంగతి వినాలి, లోపలికి చేర్చుకోవాలి, ఉండడానికి చోటివ్వాలి. వినడం ఒకటి, చోటివ్వడం మరొకటి. ఈ రెండింటి మధ్య ఎంత దూరమో తెలిపే సంగతి ఒకటి చెబుతాను.

సోవియట్ యూనియన్‌లో, సైబీరియాలోని చెర్నోగోర్స్క్ అనే బొగ్గుగనుల పట్టణంలో పెంతెకొస్తు విశ్వాసులుండేవారు. పిల్లలను భక్తిలో పెంచుతున్నారని ప్రభుత్వం కొందరి పిల్లలనే తల్లిదండ్రుల దగ్గరనుండి తీసుకుపోయింది. 1963 జనవరిలో వారిలో 32 మంది మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయానికి వచ్చి, మమ్మల్ని ఈ దేశం దాటించండని మొరపెట్టుకున్నారు. అక్కడివారు విన్నారు. విని, సోవియట్ అధికారులకే తిరిగి అప్పగించారు.

1978 జూన్ 27న అదే పట్టణం నుండి రెండు కుటుంబాలవారు, ఎనిమిదిమంది, మళ్లీ అదే గుమ్మానికి వచ్చారు. కాపలావారిని తప్పించుకొని ఏడుగురు లోపలికి పరుగెత్తారు. ఎనిమిదవవాడు, ఆ తల్లిదండ్రుల కుమారుడు, పట్టుబడ్డాడు. బిడ్డ ఏమయ్యాడో తెలియకుండా ఏ తల్లి అక్కడనుండి కదులుతుంది? అతణ్ణి కొట్టి ఇంటికి పంపేశారని తరువాత తెలిసింది.

లోపలికైతే వచ్చారు గాని, వారిని ఉండనివ్వడం కార్యాలయంవారికి ఇష్టం లేదు. వారాల తరబడి సందర్శకుల గదిలో కుర్చీల మీదే నిద్ర. ఆ తరువాతే నేలమాళిగలో ఒక గది ఇచ్చారు. ఏడుగురికీ ఒకటే గది! వీరిని ఉంచుకుంటే రేపు ఇంకెందరు వస్తారోనన్న భయం వారిది. మనం వారిని తొందరపడి తప్పుపట్టలేము. మందిరానికి కొత్త కుటుంబం వస్తే "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని గుమ్మంలోనే ఆరా తీసే అలవాటు మనకు లేదా?

ఆ విధంగా దాదాపు అయిదేళ్లు గడిచాయి. 1981 డిసెంబరు చివర ఆ తల్లి, ఒక కుమార్తె ఆహారం మానేశారు. కుమార్తె నీరసించి ఆస్పత్రి పాలైంది. కోలుకున్నాక సైబీరియాకే తిరిగి వెళ్లింది. చిత్రమేమంటే, దేశం దాటే అనుమతి మొదట దొరికింది ఆమెకే, 1983 ఏప్రిల్‌లో. ఆ కబురు విని మిగిలినవారు ఆ నెలలోనే గది విడిచి తమ ఊరికి వెళ్లారు. ఆ వేసవిలోనే రెండు కుటుంబాలూ దేశం దాటాయి.

ఈ పూట కూడా ఏదో ఒక దేశంలో, ఏదో ఒక కార్యాలయపు గుమ్మంలో పిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నవారున్నారు. వారి పేర్లు మనకు తెలియవు. వారికొరకు ప్రార్థిద్దాం, తలలు వంచండి.