ముట్టుకుని చూసే బొమ్మలు

సెలవులకి చుట్టాలొస్తే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెడతాం గదా! అప్పుడు చూపులేని మరిదినో, మోకాళ్ళ నొప్పుల అత్తగారినో "మీకెందుకులెండి శ్రమ" అని ఇంటికి కాపలా పెట్టి వెడతాం. ప్రేమతోనే అంటాం. వినేవారికి ఎలా ఉంటుందో మరి!

అక్కడి గడియారం సంగతే చూడండి. గంట గంటకీ లోపలి నుంచి చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొడతాడు. చెవి వినపడనివారికి బొమ్మ కనిపిస్తుంది, చూపులేనివారికి గంట వినిపిస్తుంది. ఇద్దరికీ సరదాయే. కానీ మేలిముసుగు రెబెక్కా? బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలోనే పల్చటి ముసుగు చెక్కాడు. అది మాటల్లో చెబితే అందేది కాదు, వేళ్ళకి తెలియాలి. అలాగని వచ్చినవారంతా తాకితే చేతి జిడ్డుకి రాయి మాసిపోతుంది. తాకవద్దనడం న్యాయమే.

అందుకే నకళ్ళు కావాలి. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో "అనుభవ్" అనే గ్యాలరీ తెరిచి, 22 వస్తువుల నకళ్ళు తాకి చూడడానికే పెట్టారు, బ్రెయిలీ వివరాలతో సహా. కళలను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని 2016 నాటి చట్టంలోనూ ఉంది. ర్యాంపు కట్టేస్తే సరిపోతుందనుకుంటారు గానీ, నడుమ నడుమ కూర్చోవడానికి బల్లలూ, చక్రాల కుర్చీలో ఉన్నవారి కంటికందే ఎత్తులో వివరాల చీటీలూ అక్కర్లేదూ?

ఈసారి బయల్దేరే ముందు మ్యూజియానికి ఫోన్ చేసి, చక్రాల కుర్చీ ఉందా, లిఫ్టు ఎటువైపు, తాకి చూసేవి ఏమైనా ఉన్నాయా అని అడగండి. లేవంటే కావాలని ఉత్తరం రాయండి. చూపులేనివారిని చెయ్యి పట్టి లాక్కెళ్ళకండి. మీ మోచెయ్యి అందించండి, వారే పట్టుకుని నడుస్తారు.