ఊరు విడిచిన వసంతం: చీరాల–పేరాల, 1921

ఆంధ్రదేశ చరిత్రలో 1921 వసంతం విశిష్టమైనది. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశానికి 20 లక్షల రాట్నాలు సమకూర్చాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య తాను రూపొందించిన పతాకాన్ని గాంధీజీకి చూపినదీ అప్పుడే. అయితే అదే ఋతువులో చీరాల, పేరాల ప్రజలు చేసిన పని అంతకన్నా అరుదైనది.

చిన్న పాలనా విభాగమైన యూనియన్‌గా ఉన్న ఈ జంట గ్రామాలను ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చడంతో, ఏటా సుమారు 4 వేల రూపాయలున్న పన్నుల భారం 40 వేలకు చేరింది. నేతపనివారు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లు అంత భారం మోయలేక పన్ను నిరాకరించగా కొందరు జైలు పాలయ్యారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉండడం ఆ కాలానికి అసాధారణం. ఏప్రిల్ 6న చీరాల వచ్చిన గాంధీజీ, అహింసతో నిరాకరణను కొనసాగించడం, లేదా ఊరినే ఖాళీ చేయడం అనే రెండు దారులు చూపి, కాంగ్రెసు నుంచి ధనసహాయం ఆశించవద్దని కూడా స్పష్టం చేశారు.

ప్రజలు రెండవ దారినే ఎంచుకున్నారు. మునిసిపాలిటీ అధికారం దాని ఎల్లలకే పరిమితం కనుక, ఎల్ల దాటినవారిపై ఇంటిపన్ను వేయడానికి చట్టానికి ఆధారం ఉండదన్నది ఇందులోని కీలకం. ఎడింబరోలో చదివిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, ఆయన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం తోడుగా, సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ప్రజలు ఎల్ల వెలుపల పాకలు వేసుకొని ఆ వాడకు రామనగరమని పేరు పెట్టారు. ఈ త్యాగం బరువు తెలియాలంటే గుంట మగ్గాన్ని గమనించాలి. నేతగాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి తొక్కుడు కర్రలను ఆడిస్తూ నేసే ఆ మగ్గాన్ని సామానులా మోసుకుపోవడం కుదరదు. కొత్తచోట మళ్లీ గుంట తవ్వి, పడుగు సరిచేసుకొనేదాకా కూలి రాదు. అందుకే దీనిని కేవలం పన్ను తగాదాగా చూడడం అన్యాయం.

ఎండలకు, వానలకు ఓర్చి వారు దాదాపు 11 నెలలు అక్కడే నిలిచారు. ఈలోగా దుగ్గిరాల అరెస్టయి, ఏడాది శిక్షతో తిరుచిరాపల్లి జైలుకు వెళ్లగా, చేతిలో డబ్బు, నడిపే నాయకుడు రెండూ కరువైన ప్రజలు 1922లో తిరిగి పాత ఇళ్లకు చేరి, తాము వద్దన్న మునిసిపాలిటీ కిందనే బతకవలసి వచ్చింది.