గోదావరికి ఆవలి గుట్టలు
(తంగళ్ళపల్లిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మానేరు ఒడ్డున మరమగ్గాల చప్పుడు నడుమ బతికే మనకు ఆదిలాబాదు గుట్టల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. 2024 సెప్టెంబరు 4న జైనూరులో ముస్లింల దుకాణాలు తగులబడినప్పుడు మనమంతా తల్లడిల్లాము. కాని ఆ గుట్టలలో ఎవరెవరు నివసిస్తున్నారో, ఏ భాషలు మాట్లాడతారో, ఏమి పోగొట్టుకున్నారో మనలో ఎందరికి తెలుసు? ఈ రోజు నేను మాట్లాడదలచినది దానిని గురించే.

జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వద్ద గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం చేరితే నేల మెల్లగా పైకి లేస్తుంది. దక్షిణాన గోదావరి, ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత. వీటి నడుమ టేకు అడవులు, నల్లరేగడి లోయలు. కడెం వాగు కుంటాల వద్ద జలపాతమై దూకేది ఈ గుట్టలలోనే.

ఈ గుట్టల జనాన్ని మనం ‘ఆదివాసులు’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాము. అక్కడ గోండులు తమను తాము కోయితూర్ అని చెప్పుకుంటారు. వారి భాషలో నీరు ‘ఏర్’, చేయి ‘కై’, నాలుగు ‘నాలుంగ్’. తెలుగుకు ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఇంకేమి కావాలి? కొలాములది వేరే భాష. గోండులు కొన్ని దేవతల పూజకు కొలాములనే పిలుస్తారు. ప్రధానుల సంగతి మరీ విశేషం. వారు ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ, కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలను గోండీలో గానం చేస్తారు. ఒక జాతి చరిత్రను వేరొక జాతి నోట భద్రపరచుకున్న ఏర్పాటిది! తోటీలు, నాయకపోడులు, అంధులు, లంబాడీలు కూడా అక్కడివారే. సంతలలో మన దక్కనీ ఉర్దూ సైతం వినిపిస్తుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరను చూడండి. పుష్య అమావాస్య పూజ కోసం మెస్రం వంశస్థులు గుట్టలు దిగి కాలినడకన జన్నారం మండలంలోని గోదావరి హస్తినమడుగుకు వచ్చి నీరు తీసుకుపోతారు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. అంటే వారి అతి పవిత్రమైన పండుగలోనూ వేరే కులం వారి చేతిపని ఉంది.

ఇక చరిత్ర. 1860లో నిర్మల్‌లో ఆంగ్లేయులు రాంజీ గోండును ఉరితీశారు. ఆయన పక్షాన రోహిల్లాలు పోరాడారు. ‘వెయ్యి ఉరుల మర్రి’ పేరు మీరు వినే ఉంటారు. దీనిని మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాము. అయితే 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమును కాల్చి చంపినది నిజాం ప్రభుత్వ పోలీసులే. ఆ సంగతినీ అంతే స్పష్టంగా చెప్పాలి. భీము కోరినది నీరు, అడవి, భూమి. అడవిని రిజర్వు చేసి దున్నుకునే భూమిని లాక్కున్న అధికారంతోనే ఆయన తలపడ్డాడు, ఒక మతంతో కాదు. ఆ తరువాత అదే ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుని ద్వారా గోండుల కష్టాలను తెలుసుకొని, పట్టాలు ఇచ్చి, మార్లవాయిలో గోండీ చదువుకు పునాది వేసింది. కాని బయటివారి వలస ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు.

ఈ నేపథ్యాన్ని వదిలి జైనూరును చూడలేము. ఒక ఆదివాసీ మహిళపై ఘాతుకం జరిగిందని ఒక ముస్లిం ఆటో డ్రైవరుపై ఆరోపణ వచ్చింది. ఆమెకు న్యాయం జరగాలి. ఈ మాటను మనం ఇతరులకన్నా ముందే, గట్టిగా అనవలసింది. ఒక్కని మీది ఆరోపణకు బజారు మొత్తాన్ని తగులబెట్టడం అన్యాయం, దీనిని కూడా అంతే గట్టిగా అనాలి. ఈ రెండు మాటలలో ఒకటి చెప్పి రెండవది మింగినవారు ఇరుపక్షాలా ఉన్నారు.

1970 నాటి ఒకటో నిబంధన ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి మారరాదు. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని అందరూ పిలిచే చట్టమది. ఆ గిరిజనేతరులలో షాహుకార్లు ఉన్నారు, పెద్దరైతులు ఉన్నారు, మనవారూ ఉన్నారు. మైనారిటీల హక్కుల కోసం రాజ్యాంగాన్ని చూపే మనం, అదే రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలును అడ్డంకిగా చూడడం తగదు. మన హక్కు, వారి హక్కు ఒకే పుస్తకంలో రాసి ఉన్నాయి.

కాబట్టి నాది చిన్న ప్రతిపాదన. జైనూరు బాధితుల నష్టపరిహారం కోసం మనం ఇచ్చే ప్రతి వినతిపత్రంలో ఆ మహిళ కేసు విచారణ త్వరగా ముగియాలన్న కోరిక కూడా ఉండాలి. వచ్చే పుష్యమాసంలో మెస్రం పెద్దలు నీటి కోసం హస్తినమడుగుకు వచ్చినప్పుడు, వారు అంగీకరిస్తే మన పెద్దలు నలుగురు జన్నారం వెళ్ళి కలవాలి. ఉపన్యాసాలు వద్దు. ముందు వారు చెప్పేది కూర్చొని విందాము. వెళ్ళదలచినవారు సభ ముగిశాక తమ పేర్లు ఇవ్వగలరు.