యుద్ధవిమానపు విడిభాగములు – మన గ్రామముల బాధ్యత

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



టమాట పైరు కాపునకు వచ్చిన తరుణమున బోరు మోటారు ఆగిపోయిన మన రైతు పడు ఆవేదన మీకందరకు తెలిసినదే. మోటారంతయు బాగుగనే యుండును; లోపలి బేరింగు ఒక్కటి అరిగియుండును. ఆ చిన్న భాగము దొరకువరకు అంత మోటారును నిరుపయోగమే. యుద్ధవిమానము సంగతియు ఇట్టిదే.

మన దేశమున రూపొందిన తేజస్ విమానము 2001 జనవరి 4వ తేదీన తొలిసారి ఎగిరినది. 2016 జూలై 1న దాని తొలి దళము బెంగుళూరులో ఏర్పడినది. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వము మరి 83 విమానములకు ఒప్పందము చేసికొనినది. కాని వాటికి ఎంజిన్లు అమెరికా నుండి రావలసియుండెను. అందు మొదటిది 2025 మార్చి వరకు అప్పగింపబడలేదు. అంతకు పూర్వము, 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మారుత్ విమానమునకును తగిన బలముగల ఎంజిను లభింపకపోవుటయే పెద్ద కొరత యయ్యెను. పరుల చేతిలోని భాగము ఎన్నడు అందునో మనము నిర్ణయింపజాలము. కనుకనే వీలైనన్ని భాగములను స్వదేశముననే చేసికొనవలయును.

అయితే వీటిని ఎవరు పడితే వారు చేయగలరా? చూపునకు ఒక బోల్టు మరొక బోల్టు వలెనే యుండును. కాని విమానపు బోల్టు ఏ లోహపు దిమ్మె నుండి వచ్చినది, ఎవరు కొలిచిరి, ఏ పరీక్షలో నెగ్గినది – ఇవన్నియు కాగితముపై నుండవలయును. ఆ పత్రము లేని భాగము ఎంత నునుపుగా నున్నను విమానమునకు బిగింపరు. కొన్ని భాగములలో తల వెండ్రుక మందముకంటె తక్కువ తేడా వచ్చినను త్రోసివేయుదురు. సైనిక విమానముల యోగ్యతను నిర్ణయించు సెమిలాక్ సంస్థ బెంగుళూరుననే కలదు.

ఈ పని తెలుగువారికి క్రొత్త గాదు. 1973లో హైదరాబాదున నెలకొల్పబడిన మిధాని సంస్థ టైటానియం మొదలగు ప్రత్యేక లోహములను తయారు చేయుచున్నది. తేజస్ దేహపు మధ్యభాగము నొకదానిని 2025 మే నెలలో హైదరాబాదులోని వెమ్ టెక్నాలజీస్ అందజేసినది.

మన ప్రాంతమునకు బెంగుళూరు మరింత చేరువ. 1940 డిసెంబరులో అచట స్థాపింపబడిన హిందూస్థాన్ విమాన సంస్థ మదనపల్లెకు సుమారు 120 కిలోమీటర్ల దూరమున నున్నది. కుప్పము చెన్నై–బెంగుళూరు రైలు మార్గముననే యున్నది. మన టమాటలు పోవు దారిని మన బిడ్డల పనితనమును పోవలదా?

అందులకు పంచాయతీలు చేయదగిన పనులు కలవు. పదవ తరగతి ముగించిన బాలబాలికలకు ఐ.టి.ఐ.లలోని ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు శిక్షణలను గూర్చియు, 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద భృతితో పని నేర్చుకొను వీలును గూర్చియు తెలుపుడు. విమాన సంస్థలో ఉద్యోగ మిప్పించెదమని ముడుపు లడుగు దళారులను నమ్మవలదని చాటింపు వేయించుడు. లేతు పెట్టుకొనిన చిన్న కార్ఖానాదారుడు ముందుగా కొలతల కచ్చితత్వమును, నాణ్యతా ధ్రువపత్రమును సంపాదింపవలయునే గాని, ఆర్డరు చేతికి రాకముందే పొలము తాకట్టు పెట్టి యంత్రములు కొనరాదు.

పిల్లల యెడ మనకు గల బాధ్యత ఇది. రాబోవు గ్రామసభలోనే దీనిని చర్చకు పెట్టవలసినదిగా మా మనవి.

జై హింద్.