సంధివచనం కొట్టేస్తే మిగిలేదేమిటి?

(జగిత్యాలలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ స్మారకోపన్యాసానికి నిధి ఏర్పాటు చేసింది సార్ కుటుంబం. సార్ పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, రేపు పుస్తకం అట్ట మీద ఉంటుంది. లోపలి పేజీల్లో వద్దని వాళ్ళ పెద్దబ్బాయి కోరాడు. అందుకని సార్ అనే అంటాను. పగలు బడిలో లెక్కలు చెప్పేవారు, రాత్రి హార్మోనియం ముందు కూర్చునేవారు. శ్రుతి ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే పెట్టేవారు. పాడేవాడి గొంతు చీరుకుపోతున్నా దించేవారు కాదు. భోజనం దగ్గర మాత్రం ఎవరితోనూ వాదించేవారు కాదు, చెయ్యి కడుక్కోగానే మొదలుపెట్టేవారు. నేనాయన శిష్యుణ్ణి కాను, బంధువునూ కాను. మా ఇద్దరి మధ్యా ఉన్నదల్లా ఒక తగువు. అది తెగకుండానే ఆయన పోయారు. ఇవాళ నాకిచ్చిన గంటసేపూ దానికే ఖర్చు చేస్తాను.

తగువు చిన్నది. యక్షగానాన్ని చిన్న వేదిక మీదికి తేవాలంటే ముందు సంధివచనాలు కొట్టెయ్యాలని సార్ వాదం. ఎర్ర పెన్సిల్‌తో ఆయన సవరించిన ప్రతులు నా దగ్గర ఉన్నాయి. దరువు ఉంటుంది, కందార్థం ఉంటుంది, పద్యమైతే ఒకటికి రెండు చేరతాయి. వాటి మధ్య కథకుడు చెప్పే రెండు ముక్కల వచనం మాత్రం కనిపించదు, దాని చోట ఎర్రగీత ఉంటుంది. ఏది కొట్టేసినా అది ఉండాలని నా వాదం.

చరిత్ర మీకు తెలిసిందే, గబగబా దాటేస్తాను. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో యక్షగానం పేరెత్తాడు. మనకు దొరికినవాటిలో పాతదిగా చెప్పుకునే సుగ్రీవ విజయాన్ని పదహారో శతాబ్దంలో కందుకూరి రుద్రకవి రాశాడు. తంజావూరు నాయకరాజులు యక్షగానాన్ని కొలువుకూటానికి తీసుకుపోయారు. మన ధర్మపురి శేషప్ప నరసింహ శతకమే కాదు, ధర్మపురి రామాయణమనే యక్షగానమూ చెప్పాడు. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం వచ్చి వెళ్ళింది, కడప జిల్లాలో 1885లో సురభివాళ్ళు కీచకవధతో మొదలయ్యారు, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయం ఆడించారు. అక్కణ్ణించి పద్యనాటకం రాజ్యమేలింది. యక్షగానం చిందువాళ్ళ దగ్గరా, ఊళ్ళలో భాగోతం నేర్చుకున్న చేతిపనులవాళ్ళ దగ్గరా మిగిలింది. చిందు యక్షగానానికే జీవితమిచ్చిన జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సన్మానాల సంగతి అంతవరకు చాలు.

ఇప్పుడు పాత నాటకాన్ని మళ్ళీ నిలబెట్టాలన్న మాట మన చుట్టుపక్కల వినపడుతోంది. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఎక్కడికి పోయినా మా చిన్నప్పుడు తెల్లవార్లూ చూసేవాళ్ళమని ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. ఆయనే రాత్రి తొమ్మిదిన్నరకు లేచి, బండి తీసుకుని ఇంటికి పోతాడు. నేను తప్పు పట్టను. కానీ ఆ నిట్టూర్పును నమ్ముకుని నాటకం కట్టలేం. సరే, ఏ నాటకం కడదాం? సురభి పద్ధతి మన చిన్న హాళ్ళలో పట్టదు. వాళ్ళ తెరలకు ఎత్తు కావాలి, మాయాబజారు మాయలకు తీగలు కావాలి, పక్కన సామాను దాచుకునే చోటు కావాలి. మనకున్నది ఫంక్షన్ హాలు వెనక గది, లేకుంటే సంఘభవనం మేడ. నూరుమంది కూర్చుంటే ఫ్యాన్లు చాలవు. ఆ చోటికి సరిపోయేలా కుట్టిన చొక్కా యక్షగానమే, దాని కాజాలు సంధివచనాలు. సార్ కాజాలు కుట్టేసి చొక్కా తొడగమన్నారు.

దాని రూపం ఒకసారి దగ్గరగా చూద్దాం. అటొకరు ఇటొకరు తెర పట్టుకుంటారు. వెనకనుంచి పాత్ర ప్రవేశ దరువు పాడుకుంటూ వస్తుంది. తెర దించుతారు. ఎవరయ్యా మీరు, ఎక్కణ్ణించి రాక, అని సూత్రధారుడు అడుగుతాడు. పాత్ర తన సంగతి తానే చెప్పుకుంటుంది. దరువు ముగుస్తుంది, వంతవాళ్ళు చివరి ముక్క ఎత్తుకుంటారు, తాళం తెగుతుంది. ఆ తెగినచోట కథకుడు అందుకుంటాడు. నేను రాసుకుంటున్న మార్కండేయ కథ ప్రతిలోంచి ఒక వాక్యం చదువుతాను: “అంతట మార్కండేయుడు తల్లిదండ్రులకు మొక్కి, ఇల్లు వెడలి, గుడి వాకిట నిలిచినవాడై ఏమనుచున్నాడయ్యా అంటే”. అంతే. పిల్లవాడు ఇల్లు దాటాడు, దారి నడిచాడు, గుడి చేరాడు. నటుడు వేసింది రెండడుగులు. ఇదే పద్యనాటకంలో జరగాలంటే తెర పడాలి, ఇల్లు పోయి గుడి రావాలి, ఈలోపు హార్మోనియం ఏదో ఒకటి వాయిస్తూ ఉండాలి. ఆ వాయింపు సార్‌కు ఇష్టం. మా తగువుకు అసలు కారణం అదేనేమోనని నాకు అనుమానం.

సంధివచనం వద్దనేవాళ్ళు మూడు మాటలంటారు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది చదువుకున్నవాళ్ళ మాట. యక్షగానం మొదట కావ్యంలాగే కవి నోట నడిచింది, తర్వాత పాత్రల సంభాషణ పెరిగింది, కవి మాట తగ్గింది, కాబట్టి సంధివచనం పాతకాలపు అవశేషమని. ముందు భాగం నిజమే. సుగ్రీవ విజయంలో కవి కథనం పాలు ఎక్కువ, తంజావూరు రచనల్లో నాటకం పాలు ఎక్కువ. ఎస్.వి. జోగారావు గారి ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర 1961లో వచ్చింది, ఈ సంగతులన్నిటికీ ఇప్పటికీ దాని దగ్గరికే పోవాలి. నా పోట్లాట ఆ గ్రంథంతో కాదు, పరీక్షల కోసం దాన్ని కుదించి రాసుకున్న మన తరగతి నోట్సులతో. తగ్గింది కాబట్టి పనికిరానిదని ఆ నోట్సులు నేర్పాయి. పనికిరానిదే అయితే నాలుగు వందల ఏళ్ళు ఎందుకు నిలిచింది? చదివింపుల మీద బతికే మేళంవాడు పనికిరాని మాటను రాత్రల్లా మోస్తాడా? పద్యనాటకం ఊరూరా తిరిగాక కూడా, జాతరలో అమ్మిన యక్షగానం పుస్తకాల్లో అది చెక్కుచెదరలేదు.

ఇంకో మాట. సంస్కృత నాటకంలో కథను కలిపే మాట ఉండదనుకుంటారు. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో ఐదు అర్థోపక్షేపకాలు చెప్పాడు. విష్కంభం, చూలిక, అంకాస్యం, అంకావతారం, ప్రవేశకం. రంగం మీద చూపనక్కర్లేనిదాన్ని, చూపలేనిదాన్ని మాటతో దాటించే ఉపాయాలివి. చూలిక అయితే తెరవెనకనుంచి వినిపించే గొంతు మాత్రమే. కాళిదాసు విష్కంభం వాడితే కౌశలం, మన భాగవతులు సంధివచనం వాడితే అవశేషమా? కూచిపూడివాళ్ళ భామాకలాపంలో సూత్రధారుడే మాధవి అయి సత్యభామతో మాట్లాడతాడు, మరుక్షణం మళ్ళీ సూత్రధారుడవుతాడు. దాన్ని ఎవరూ కొట్టెయ్యమనలేదు.

రెండో మాట, నడక మందగిస్తుందని. సార్ ఎక్కువగా దీన్నే పట్టుకునేవారు. మరి రాయబారంలో కృష్ణుడి పద్యానికి రాగం తీసి, వన్స్ మోర్ అనిపించుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటే నడక మందగించదా అని అడిగితే, అది వేరు అనేవారు. ఎందుకు వేరో చెప్పలేదు. కొన్నేళ్ళ కిందట ఒక పోటీకి నేను పంపిన ప్రతి వెనక్కి వచ్చింది, కథనం ఎక్కువ, నాటకీయత తక్కువ అని రాశారు. అక్కడ బహుమతి పొందిన నాటకంలో దృశ్యం మారినప్పుడల్లా దీపాలార్పారు. ఆ చీకట్లన్నీ కలిపితే నా సంధివచనాలు రెండుసార్లు చదవొచ్చు.

మూడోది, కథ అందరికీ తెలిసిందేగా, చెప్పడమెందుకని. ఇక్కడ కోరుట్ల సంగతి చెప్పాలి. అక్కడొక వాడకట్టులో, బీడీలు చేసే ఆడవాళ్ళ మధ్య కూర్చుని మా ప్రతి చదివి వినిపించాం. ఒళ్ళో చాటలు. ఒకామె తునికాకు కత్తిరిస్తోంది, ఒకామె పొగాకు నింపి చుడుతోంది, పక్కన ముసలామె దారం కట్టి కట్టలు లెక్కపెడుతోంది. ఎవరి కళ్ళూ మా మీద లేవు, ఉండటానికి వీల్లేదు. చేతి మీంచి చూపు తప్పితే బీడీ పాడవుతుంది, పాడైన బీడీ లెక్కలోకి రాదు. ముందు ఎర్రగీతల ప్రతి చదివాం. రెండో దరువు దాటగానే కత్తెర ఆపకుండానే ఒకామె అడిగింది, “గిప్పుడు మాట్లాడేదెవరే?” ఆమెకు మార్కండేయుడి కథ మాకంటే బాగా తెలుసు. తెలియనిది కథ కాదు, గొంతు ఎవరిదన్నది. తర్వాత సంధివచనాలతో చదివాం. అవి వచ్చినప్పుడల్లా ముసలామె ఊఁ కొట్టింది. తాళం తెగినచోట ఊఁ పడింది. చూడ్డానికి తీరిక లేనివాళ్ళు కూడా ఆటలో ఉండాలంటే చెప్పేవాడు ఒకడుండాలి. రాత్రంతా ఆడే భాగోతంలో పిల్లలకు పాలిచ్చేవాళ్ళూ, కునికేవాళ్ళూ, మధ్యలో బావి దగ్గరికి పోయి వచ్చేవాళ్ళూ ఉండేవారు. వాళ్ళందరినీ మళ్ళీ కథలో కూర్చోబెట్టింది ఈ రెండు ముక్కలే.

అసలు మన చుట్టుపక్కల ఏ కళ చూసినా చెప్పేవాడు లేకుండా నడవదు. సిరిసిల్లలో పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్తారు. చేర్యాల నకాశీలు గీసిన పటం విప్పి, బొమ్మను కర్రతో చూపుతూ, భావనారుషి దగ్గరికి వచ్చేసరికి తానే భావనారుషి అయి మాట్లాడతాడు కథకుడు. వేములవాడ దగ్గర హనుమాజీపేటది మిద్దె రాములు ఒగ్గుకథ. ఒగ్గుకథలో కథకుడు భుజం మీది గుడ్డ తలకు చుట్టి ఆడమనిషవుతాడు, గుడ్డ దించి మళ్ళీ కథకుడవుతాడు. వంతవాడు అడ్డుతగిలి అడుగుతాడు, కథ ముందుకు జరుగుతుంది. అదే హనుమాజీపేటలో 1931లో పుట్టిన సినారె, పసితనంలో విన్న హరికథలూ జంగం కథలూ తనను పాటవైపు లాగాయని చెప్పుకున్నారు. కర్పూర వసంతరాయలు గేయకథగా నడిచిందంటే దాని వెనక చెప్పేవాడి గొంతు ఉంది. 1978 జగిత్యాల జైత్రయాత్ర కాలంలో పాట పట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళు కూడా కథకుణ్ణీ వంతలనూ వదులుకోలేదు. వాళ్ళ రాజకీయంతో ఎవరు ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, జనాన్ని కూర్చోబెట్టడం మాత్రం వాళ్ళకు తెలుసు.

కొత్త నాటకంవాళ్ళ విచిత్రం చూడండి. బ్రెహ్ట్ అంటే వాళ్ళకు గౌరవం. ఆయన ప్రేక్షకుణ్ణి కథలో మునిగిపోనివ్వకుండా మధ్యలో పాట పెడతాడు, కథనం పెడతాడు. బి.వి. కారంత్ సురభివాళ్ళతో బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా ఆడించినప్పుడు అందరం మెచ్చుకున్నాం. గిరీశ్ కర్నాడ్ హయవదనంలో కన్నడ యక్షగానపు భాగవతుణ్ణి తెచ్చి నిలబెడితే 1970ల్లో దేశమంతా చప్పట్లు కొట్టింది. బెర్లిన్‌నుంచి వస్తే ప్రయోగం, ఉడుపి వైపునుంచి వస్తే ఆధునికత. ధర్మపురినుంచి వస్తే ఎర్ర పెన్సిల్.

ఇక నా పని సంగతి. మార్కండేయ కథను గంటా ఇరవై నిమిషాల ఆటగా కడుతున్నాను. సిరిసిల్లకు ఆ కథ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఆరుగురు మనుషులు, హార్మోనియం, మద్దెల, తాళాలు. తెర రెండు గజాల గుడ్డ, సాంచెల మీద నేసిందే. కందార్థాల్లో చెప్పిందే చెప్పేవి తీసేశాను, స్తుతుల్లో వినాయకుడి ఒక్కటే ఉంచాను, హాస్యగాడి పాత బూతులు సగం పోయాయి. సంధివచనం ఒక్కటి కూడా పోలేదు. వాటిని ఒక ఆడమనిషికి అప్పగించాను. చిందు ఎల్లమ్మ మగవేషాలూ ఆడవేషాలూ వేసి మెప్పించిన నేల ఇది, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. మరుద్వతి ఏడ్చే దరువు అయ్యాక అదే మనిషి పక్కకు జరిగి, ఆ తల్లి అలా అన్నదని చెప్తుంది. ఏడుపు ఆగకుండానే కథ కదులుతుంది. యముడు పైనుంచి తీగ మీద దిగడు, ఒక వాక్యంలో వస్తాడు. మైకు లేదు, అంత హాలులో అక్కర్లేదు. శ్రుతి కూడా ఒక మెట్టు దించాను, సార్ కుటుంబం మన్నించాలి.

చిక్కు ఇంకా ఒకటి ఉంది. శివుడు యముణ్ణి అణచాక పిల్లవాడు తల్లిదండ్రుల దగ్గరికి తిరిగి రావాలి. దాన్ని ఆడించి చూపాలా, వచనంలో చెప్పి మంగళహారతి ఎత్తుకోవాలా అన్నది తేలలేదు. రెండూ రాసి పెట్టాను. సిరిసిల్లలో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ ముందు ఒకసారి, కోరుట్లలో బీడీలు చేసేవాళ్ళ ముందు ఒకసారి ఆడితే తేలుతుంది.

దానికి మద్దెల వాయించే మనిషి కావాలి. హార్మోనియం వాయించేవాళ్ళు దొరికారు. తబలావాళ్ళు వస్తామంటున్నారు గానీ తబలా వద్దు, దరువు తెగేచోట దాని ముక్తాయింపు పొడుగైపోయి వచనం మీద పడుతోంది. మెట్‌పల్లి వైపు గానీ, ధర్మపురి వైపు గానీ భాగోతానికి వాయించినవాళ్ళు మీ ఎరుకలో ఉంటే ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసివ్వండి. కుర్చీలు సర్దేదాకా నేనిక్కడే ఉంటాను.