కంప్యూటరుకు చలువ కావాలి, మడికి నీరూ కావాలి

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కంప్యూటర్ల గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. 'ముందు బెల్లం ధర సంగతి చెప్పవయ్యా' అన్నారు. అదీ మాట్లాడదాం. కానీ చెరకుకు నీళ్ళుంటేనే కదా బెల్లం. అందుకే ముందు ఈ సంగతి.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమ మేధ కోసం డేటా సెంటర్ పెడతామని, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు అప్పటి నుంచి పేపర్లలో చూస్తున్నాం. గిగావాట్ స్థాయి అన్నారు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. మన పరవాడ సింహాద్రి ప్లాంటు మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగమన్నమాట.

ఇంత కరెంటు తాగి ఆ యంత్రాలు ఏం చేస్తాయి? లెక్కలు చేస్తాయి. మన బోరు మోటారు కరెంటు తాగితే నీళ్ళు పైకి తోస్తుంది. కంప్యూటరు తాగిన కరెంటు మాత్రం దాదాపు అంతా వేడిగానే బయటికొస్తుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే యంత్రం కాలిపోతుంది.

మొన్నటిదాకా ఏసీ గాలితో చల్లబరిచేవారు. ఈ కృత్రిమ మేధ చిప్పుల వేడికి గాలి సరిపోవడం లేదు. అందుకని చిప్పు మీద లోహపు పలక బిగించి, దానిలోంచి నీటినో వేరే ద్రవాన్నో పారిస్తున్నారు. కొన్నిచోట్ల ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో మునిగి ఉన్నట్టు కంప్యూటరునే ద్రవంలో ముంచుతున్నారు. దీన్నే లిక్విడ్ కూలింగ్ అంటారు.

ఈ మాట వినగానే 'అయితే నీళ్ళన్నీ ఇందులోకే పోతాయి' అని కంగారు పడొద్దు. ట్రాక్టరు రేడియేటర్ చూడండి. పోసిన నీళ్ళే లోపల తిరుగుతుంటాయి, రోజూ పొయ్యక్కర్లేదు. చిప్పు దగ్గర తిరిగే ద్రవమూ అంతే. అసలు ప్రశ్న ఆ తరవాత వస్తుంది. ఆ ద్రవం మోసుకొచ్చిన వేడిని బయట ఎలా వదులుతారు?

రెండు దారులున్నాయి. ఒకటి ట్రాక్టరు దారి: ఫ్యాన్లు పెట్టి గాలికి వదలడం. దీనికి నీరు ఖర్చు కాదు, కరెంటు ఎక్కువ అవుతుంది. రెండోది మన ఇంట్లో ఎండాకాలం కూలర్ దారి: నీటిని ఆవిరి చేసి చల్లబరచడం. కరెంటు తగ్గుతుంది, నీరు మాత్రం గాలిలో కలిసిపోతుంది.

నేను లెక్క కట్టాను. ఒక యూనిట్ కరెంటు వేడిని ఆవిరితో తియ్యాలంటే సుమారు లీటరున్నర నీరు కావాలి. వెయ్యి మెగావాట్లు రాత్రీ పగలూ నడిచి, వేడంతా ఆవిరితోనే తీస్తే రోజుకు 3 కోట్ల 60 లక్షల లీటర్లు. ఎకరంలో అంగుళం నీరు పెట్టడానికి లక్ష లీటర్లు కావాలి. అంటే రోజూ 350 ఎకరాలకు అంగుళం చొప్పున పెట్టే నీరు. ఏడాదికి దాదాపు అర టీఎంసీ.

నిజం చెప్పాలి, గోదావరి ముందు అర టీఎంసీ పెద్దది కాదు. కానీ అది ఏ నీరు, ఏ నెలలో తీస్తారు అన్నదే మన ప్రశ్న. శారదా నది మీద కట్టిన రైవాడ నీరు విశాఖ నగరానికి వెళ్తోంది. ఆ నీరు సాగుకే ఇవ్వాలని ఇక్కడి రైతులు ఎన్నేళ్ళుగా అడుగుతున్నారో మీకు తెలుసు. మే నెలలో నగరానికే కొరత వస్తే, కోత ముందు ఎవరికి పడుతుంది? మనకే.

అమెరికా ప్రభుత్వం దీని మీద పరిశోధన చేయిస్తోంది. 2023 మేలో అక్కడి ఇంధన శాఖ 15 ప్రాజెక్టులకు 4 కోట్ల డాలర్లు ఇచ్చింది. కంప్యూటర్లు వాడే కరెంటులో 5 శాతం కూడా చల్లదనానికి ఖర్చు కాకూడదన్నది లక్ష్యం. కొలరాడోలోని ప్రభుత్వ ప్రయోగశాలలో వెచ్చటి నీటితోనే కంప్యూటర్లను చల్లబరుస్తారు. 2016లో అక్కడ, గాలి చల్లగా ఉన్నంతసేపు ఆవిరి అవసరం లేకుండా నడిచే యంత్రం అదనంగా బిగించారు. తొలి ఏడాదే నీటి వాడకం దాదాపు సగానికి తగ్గింది. సుమారు 44 లక్షల లీటర్లు మిగిలాయి. అంటే నీరు ఆదా చేసే దారి ఉంది. పెట్టుబడి పెట్టే మనసుండాలి, పెట్టించే ప్రభుత్వం ఉండాలి. అయితే కొలరాడో చలి వేరు, మన ఎండ వేరు. అక్కడి ఫలితం ఇక్కడ అలాగే వస్తుందని ఎవరైనా చెబితే మన మే నెల లెక్క చూపించమనండి.

అదే దేశంలో ఇంకో కథ. ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న ఊళ్ళో గూగుల్ డేటా సెంటర్లున్నాయి. ఎంత నీరు వాడుతున్నారని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమని నగర పాలకులు ఆ పత్రిక మీదే కోర్టుకెళ్ళారు. ఏడాది దాటాక, 2022 డిసెంబరులో వెనక్కి తగ్గి లెక్క బయటపెట్టారు. 2021లో వాడింది సుమారు 134 కోట్ల లీటర్లు, ఊరు మొత్తం వాడిన నీటిలో నాలుగో వంతు పైనే. నీరు ఊరిది, లెక్క మాత్రం రహస్యమట!

కాబట్టి మన సంఘం అడగాల్సినవి నాలుగే. ఒకటి, నీరు ఏ జలాశయం నుంచి తీస్తారు, ఏప్రిల్, మే నెలల్లో ఎంత? రెండు, వేడిని ఆవిరితో వదులుతారా, గాలికా? గాలికయితే ఆ అదనపు కరెంటు మన పగటి కరెంటుకు గండి కొట్టదని రాసిస్తారా? మూడు, నగరం మురుగునీటిని శుద్ధి చేసి ముందు దాన్నే వాడతారా? నాలుగు, ఆవిరయ్యాక ఉప్పులతో మిగిలే నీరు ఏ గెడ్డలోకి వదులుతారు? చౌడు పట్టిన మడి ఎన్నేళ్ళకు బాగవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వీటితోపాటు మీటరు పెట్టి నెలనెలా వాడకం లెక్క పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఇవి గ్రామసభల్లో తీర్మానం చేద్దాం. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. రాయడం రానివాళ్ళకు సంఘం కార్యాలయంలో రాసిపెడతాం.

మన పిల్లలకు ఉద్యోగాలు రావాలి, నేనూ కాదనను. నా కొడుకూ కంప్యూటరు చదువే చదివాడు. వాడికి ఫీజు కట్టింది మాత్రం చెరకు మడి. ఆ మడికి పారే నీటి లెక్క అడగడం అభివృద్ధికి అడ్డం పడటం కాదు. అది మన హక్కు.